బేస్ గిటారు – మంద్రస్థాయి – మా అక్క పాట



ఈ పుటలలో ఇంతవరకు యతిప్రాసలను గురించి, సమాసాలను గురించి, మరుగున పడిన మాండలిక పదాలను గురించి వ్రాస్తూ వచ్చిన నేను ఉన్నట్టుండి బేస్ గిటారును గురించి వ్రాయబూనడం మీకు వింతగా తోచవచ్చు. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పి, పదవీ విరమణానంతరం తుంగతుర్తిలో కాలక్షేపం చేస్తున్న పండితునికి ఆ నాలుగు తీగల పాశ్చాత్యవాద్యంతో ఏమి పని? పని కల్పించినవాడు మా మేనల్లుడు. మా అక్క కొడుకు. వాడు పగలు వేరే ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్ళు సూర్యాపేటలో ఒక చిన్న రికార్డింగు గదిలో జానపద గీతాలకు బేస్ గిటారు వాయిస్తూ ఉంటాడు. గత సంవత్సరం వాడు తన తల్లి పాడే నాటుపాటను రికార్డు చేయించాలని సంకల్పించాడు. ఆ పనిలో నేను సాక్షిగా కూర్చున్నాను. అక్కడ విన్నవి, అటుపిమ్మట చదివి తెలుసుకున్నవి, నా బుద్ధికి తట్టినవి కలిపి ఈ టపా. తీరిక ఉన్నవారు చదవండి.

ముందుగా వాద్యం సంగతి. బేస్ గిటారుకు సాధారణంగా నాలుగు తీగలు. వాటిని ఏ మెట్టునూ నొక్కకుండా మీటితే, అన్నిటికంటె లావుపాటి తీగ సెకనుకు సుమారు 41 సార్లు, తక్కిన మూడు వరుసగా 55, 73, 98 సార్లు కంపిస్తాయి. మనిషి చెవికి అందే శబ్దం సెకనుకు 20 కంపనాల నుండి మొదలవుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే ఈ వాద్యం వినికిడి అనే ఇంటికి దాదాపు పునాది దగ్గర కూర్చుంటుందన్నమాట. మన శాస్త్రాలు స్వరానికి మంద్రం, మధ్యమం, తారం అని మూడు స్థానాలు చెప్పి, మంద్రానికి ఉరస్సును, అనగా రొమ్మును, స్థానంగా నిర్దేశించాయి. బేస్ గిటారు మోగేటప్పుడు దగ్గర నిలుచున్నవారికి ఆ మాట ఎంత నిజమో బోధపడుతుంది. ఆ నాదం చెవికన్న ముందు రొమ్మును తాకుతుంది.

పెద్ద పిడిని నిలబెట్టి వాయించే డబుల్ బేస్ అంతకుముందే ఉండేది. మన పాత చలనచిత్ర గీతాలలో అడుగున వినిపించే ఆ బరువైన నాదం చాలావరకు దానిదే. దానిని మోయడం కష్టం, గుంపు మధ్య అది వినిపించడమూ కష్టం. 1951లో అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన మెట్లున్న విద్యుత్ బేస్ గిటారును ‘ప్రెసిషన్ బేస్’ పేరుతో బజారులోకి తెచ్చాడు. మెట్లుంటే స్వరం గురి తప్పదు కనుక ఆ పేరు. మన వీణకు మైనంలో ఇరువది నాలుగు మెట్లు పొదిగినట్లే ఇదీను. మెట్లు లేని గోటువాద్యం మనకున్నట్లుగా మెట్లు లేని బేస్ గిటారూ ఉంది. 1976లో వెలువడిన తన తొలి ఆల్బమ్‌తో జాకో పాస్టోరియస్ దానికి గొప్ప ప్రతిష్ఠ తెచ్చాడు.

తెలుగువారికి ఈ వాద్యం రుచి బాగా చూపినవారు ఇళయరాజా గారని నా అభిప్రాయం. ఆయన స్వయంగా గిటారు వాయించి పైకి వచ్చినవారు. పాశ్చాత్య సంగీతాన్ని ధన్‌రాజ్ మాస్టారు వద్ద అభ్యసించినవారు. అంతకుముందు చాలా పాటలలో మంద్రవాద్యం తాళానికి తోడుగా ఒకటి రెండు స్వరాలను పట్టుకొని ఉండేది. ఇళయరాజా గారు దానికి వేరే రాగసంచారం కల్పించి, పాట కింద మరొక పాటగా నడిపించారు. వాటిలో అనేకం వాయించినవారు శశిధరన్. ఆ తరువాతి కాలంలో ఎ.ఆర్. రహ్మాన్ పాటలలో కీత్ పీటర్స్, ఇటీవల మోహినీ డే ఆ వాద్యానికి పేరు తెచ్చారు. ‘గీతాంజలి’ (1989) పాటలను ఈసారి గొంతులను పక్కన పెట్టి అడుగు స్వరాన్ని మాత్రమే పట్టుకొని వినండి. ఇన్నేళ్ళుగా విన్న పాటలే కొత్తగా తోస్తాయి. నాకు తోచాయి.

ఇక మా అక్క సంగతి. ఆమెకు డెబ్బది నాలుగేండ్లు. చదువుకోలేదు. పెండ్లికి ముందు, తరువాత కూడ, తుంగతుర్తి చుట్టుపట్ల పొలాలలో నాట్లు వేసింది. ఈ ప్రాంతం పాటకు పెట్టినది పేరు. సాయుధ పోరాటకాలంలో పాటతో పల్లెలను కదిలించి, తరువాత 1978లోను 1983లోను ఇదే తుంగతుర్తి నుండి శాసనసభకు ఎన్నికైన మల్లు స్వరాజ్యం గారిని ఎరుగనివారు ఇక్కడ లేరు. గొల్లసుద్దులను ఉద్యమానికి ఆయుధంగా మలచిన సుద్దాల హనుమంతు గారిదీ మన ఉమ్మడి నల్లగొండ జిల్లాయే. అయితే మా అక్క పాట ఏ ఉద్యమానికీ చెందినది కాదు. నడుము వంచి, బురదలో వెనక్కు అడుగు వేస్తూ, పదిమంది ఆడవాళ్ళు కలిసి పాడిన పాట. ఆ పదిమందిలో ఇప్పుడు పాడగలిగినది మా అక్క ఒక్కతే. ఆమె గొంతులోనూ ఈ మధ్య ఆయాసం చేరింది. వాని తొందరకు కారణం అదే.

నా తొందరకు మరొక కారణం ఉంది. నాలుగేండ్లుగా నా వినికిడి తగ్గుతూ వస్తున్నది. హైదరాబాదులో పరీక్ష చేసిన వైద్యురాలు ఒక గీతపటం చూపించి, ‘మాస్టారూ, మీకు కింది స్వరాలు చక్కగా వినిపిస్తున్నాయి, పైవి పోతున్నాయి’ అన్నది. వయసు పైబడినవారికి మొదట పోయేవి హెచ్చు కంపనాల శబ్దాలేనట. మాటలో అటువంటివి శ, ష, స వంటి ఊష్మాలు. జీవితమంతా పిల్లల నాలుకల మీద శకార షకారాలను దిద్దినవాడికి అవే ముందుగా అందకుండా పోవడం విధి విలాసం కాక మరేమిటి? ఇప్పుడు ఎవరైనా మాట్లాడితే అచ్చులు వినిపిస్తాయి, హల్లులు ఊహించుకోవాలి. మంద్రనాదం మాత్రం ఎప్పటివలెనే నిండుగా అందుతున్నది. మా అక్క పాటను చెవులారా వినగలిగిన రోజులు నాకు ఎన్ని ఉన్నాయో తెలియదు. కనుక ఆ రికార్డింగులో ప్రతి రాత్రీ నేనూ వెళ్ళి కూర్చున్నాను.

అక్క గొంతును స్టూడియోలో తీసుకోలేదు. చెవులకు హెడ్‌ఫోను తగిలించి, గాజుపలక వెనుక నిలబెడితే ఆమెకు పాట రాలేదు. ఇంట్లోనే, తెల్లవారుజామున, దూలాల గదిలో మంచం మీద కూర్చోబెట్టి ఒక మైకు ముందు పెట్టి పాడించారు. లయకోసం చెవిలో టిక్కు టిక్కుమనే యంత్రాన్ని పెట్టలేదు. అయిదున్నర నిమిషాల పాట. ఏ వాద్యమూ తోడు లేదు. తరువాత దానికింద బేస్ గిటారు వాయించాలి. గొంతు ముందు, మంద్రం చివర. ఈ పద్ధతి కొత్తది కాదు. బీటిల్స్ బృందంలో పాల్ మెక్కార్ట్నీ కూడ 1967 ప్రాంతంలో తక్కినవన్నీ రికార్డయిన తరువాత, తీరికగా, తన బేస్ భాగాన్ని విడిగా వాయించేవాడట. తక్కినవారు ఏమి చెప్పారో విన్న తరువాతనే అడుగున ఉండవలసినవాడు మాట్లాడితే మర్యాదగా ఉంటుంది.

మంచి బేస్ నాదం ఎక్కడ పుడుతుందని అడిగితే, యంత్రాలలో అని అనుకునేవాణ్ణి. మా వాడు మొదట చూపించినవి తన వేళ్ళు. కుడిచేతి వేళ్ళతో తీగను వంతెన దగ్గర మీటితే నాదం బిగువుగా, కరకుగా ఉంటుంది. మెడ దగ్గర మీటితే గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. మధ్యలో మీటితే రెండింటి నడుమ. నాలుగు అంగుళాల దూరంలో వాద్యమే మారిపోయినట్లుంటుంది. ఏ యంత్రమూ తరువాత ఆ తేడాను పూర్తిగా తెచ్చిపెట్టలేదు. తీగల సంగతి కూడ అంతే. కొత్త తీగ గణగణమంటుంది. పాతబడిన తీగలో ఆ మెరుపు పోయి అసలు స్వరం మిగులుతుంది. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ పాటలకు ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ (1936–1983) తన 1962 నాటి ప్రెసిషన్ బేస్‌కు నున్నని తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రసిద్ధి. చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. మన మృదంగ విద్వాంసులు ఎడమవైపు తొప్పికి తడిపిన రవ్వ అంటించి ఆ బరువైన ‘తోం’కారం రాబట్టడం నాకు గుర్తుకు వచ్చింది. తీగకైనా తోలుకైనా కాస్త బరువు ఎక్కి, కాస్త మెరుపు తగ్గితేనే మంద్రం పలుకుతుంది.

రెండవది స్వరం ముగింపు. ఇది నన్ను బాగా ఆకర్షించిన విషయం. వాయించే తీగ తప్ప తక్కిన మూడు తీగలను రెండుచేతుల వేళ్ళతో మెత్తగా తాకి మూగబెట్టి ఉంచాలి. లేకపోతే అవి తమంతట తాము కంపించి గొణుగుతూ ఉంటాయి. మీటిన స్వరాన్ని కూడ ఎక్కడ ఆపాలో తెలియాలి. మా వాడు ఒకే వరుసను రెండువిధాల వాయించి చూపించాడు. మొదటిసారి ప్రతి స్వరాన్నీ తరువాతి స్వరం దాకా సాగదీశాడు. రెండవసారి కొన్నింటిని సగంలో తుంచాడు. మొదటిది నిద్ర తెప్పించింది, రెండవది నడిచింది.

‘ఇది గురులఘువుల వ్యవహారంరా’ అన్నాను. ఒక మాత్ర పలకవలసిన చోట రెండు మాత్రలు పలికితే గణం చెడి పద్యం కుంటుతుంది కదా. బేస్‌లో సాగే స్వరం గురువు, తుంచిన స్వరం లఘువు, వేలితో పూర్తిగా నొక్కిపెట్టి ‘టక్’మనిపించే మూగదెబ్బ పొల్లు. డప్పు దెబ్బతో బేస్ స్వరం కలిసి పడడం యతిమైత్రి. వాడు నవ్వి, ‘మామా, గిట్ల ఎవరూ చెప్పలేదు నాకు’ అన్నాడు. నాకు మాత్రం పదవీ విరమణ తరువాత చాలాకాలానికి ఒక పాఠం చెప్పినట్లయింది.

మూడవది తీగనుండి యంత్రానికి దారి. దీనికి రెండు మార్గాలు. ఒకటి, గిటారును నేరుగా డీఐ అనే చిన్న పెట్టె ద్వారా రికార్డింగు యంత్రానికి కలపడం. జేమర్సన్ మోటౌన్‌లో చేసినది ఇదే. నాదం శుభ్రంగా, దగ్గరగా వస్తుంది. రెండవది, గిటారును ఆంప్లిఫయరుకు కలిపి, దాని స్పీకరు ముందు మైకు పెట్టడం. దీనిలో గాలి కదలిక, స్పీకరు గరుకుదనం చేరి ప్రాణం వస్తుంది. 1966లో ‘పేపర్‌బ్యాక్ రైటర్’ పాటకు ఆబీ రోడ్ స్టూడియోలో బేస్ నాదం గట్టిగా రావాలని పట్టుబట్టి, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ మైకుకు బదులు ఒక పెద్ద స్పీకరునే తిరగవేసి మైకుగా వాడాడు. స్పీకరు, మైకు ఒకే సూత్రం మీద పనిచేసే అన్నదమ్ములు. ఒకటి విద్యుత్తును గాలిగా మారుస్తుంది, మరొకటి గాలిని విద్యుత్తుగా.

రెండు మార్గాలనూ ఒకేసారి రికార్డు చేసి కలపడం చాలామంది అలవాటు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మైకు స్పీకరుకు ఒక మీటరు దూరంలో ఉంటే శబ్దం అక్కడికి చేరడానికి సెకనులో వెయ్యవవంతులు దాదాపు మూడు పడుతుంది. నేరుగా వచ్చిన నాదం అప్పటికే చేరి ఉంటుంది. ఈ రెండింటినీ కలిపితే, సెకనుకు సుమారు 170 కంపనాల దగ్గర ఒకటి పైకి లేచేటప్పుడు మరొకటి కిందికి దిగుతూ పరస్పరం హరించుకుంటాయి. రెండు మంచి నాదాలు కలిసి ఒక పలుచని నాదం మిగులుతుంది. మొదటి రాత్రి మాకు జరిగినది ఇదే. మందు తేలిక. మైకును స్పీకరుకు ఆనుకొని పెట్టడం, లేదా కంప్యూటరు తెరమీద రెండు తరంగాలనూ చూసి, వెనుకబడినదానిని ముందుకు జరపడం. జరిపిన క్షణంలో గది నిండింది. నా వంటి చెవిటివాడికి కూడ స్పష్టంగా తెలిసింది.

నాదం యంత్రంలోకి చేరేటప్పుడు మోతాదు కూడ ముఖ్యం. పైకప్పుకు తగిలేటట్లు నింపితే నాదం పగులుతుంది, డిజిటల్ యంత్రంలో ఆ పగులు అతకదు. హెచ్చు స్వరాలు కూడ కప్పుకు పది, పన్నెండు డెసిబెల్స్ కిందనే ఉండేటట్లు చూసుకోవడం మేలు. కుండను గొంతుదాకా నింపి మోసుకురావడం తెలివి కాదని మా అక్క వంటివారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక గది. దీనిని గురించి నాకు, మా మేనల్లునికి ఒక వివాదమే జరిగింది. ఆ గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. ఎత్తు కూడ పది అడుగులే. నేను తలుపు పక్కన గోడకానుకొని కూర్చున్నాను, వాడు గది మధ్యలో. రెండవ తీగను మెట్టు నొక్కకుండా మీటినప్పుడల్లా నాకు చెవులు గింగురుమన్నాయి. ‘ఆ స్వరం మరీ ఎక్కువగా ఉంది’ అన్నాను. ‘అసలు వినిపిస్తలేదు మామా, ఇంకా పెంచాలె’ అన్నాడు. తరువాత ఇద్దరం చోట్లు మార్చుకొని కూర్చుంటే అభిప్రాయాలు కూడ మారిపోయాయి!

కారణం ఇది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పది అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య సెకనుకు 56 కంపనాల నాదం అటునిటు తగిలి, తనమీద తానే నిలిచిపోతుంది. అప్పుడు గోడల దగ్గర నాదం పోగుపడుతుంది, నట్టనడుమ లోపిస్తుంది. రెండవ తీగ పలికేది 55. ఎత్తూ వెడల్పూ సమానం కావడం వలన దోషం రెట్టింపయింది. పన్నెండడుగుల దూరానికి ఇదే బాధ 47 దగ్గర. పెద్ద స్టూడియోలు గోడలను, కప్పును సమానం కాని కొలతలతో కట్టడంలోని రహస్యం ఇదేనట.

చిన్న గదులలో గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించడం మన ఊళ్ళలో వాడుక. వాటివలన చప్పట్ల ప్రతిధ్వని కాస్త తగ్గవచ్చునేమో కాని, మంద్రనాదానికి అవి ఉన్నట్లే తెలియదు. లావుపాటి తీగ నాదతరంగం పొడవు ఇరువది ఏడు అడుగులు. దానిముందు అంగుళం మందం అట్ట ఏమి ఆగుతుంది? గది మూలలలో మందంగా, అడుగుకు పైగా లోతున పీచుపదార్థం నింపితే కొంత ఫలితం ఉంటుంది. పత్తికి కరువు లేని ప్రాంతం మాది. మా వాడు నాలుగు పాత పత్తి పరుపులు తెచ్చి, గట్టిగా బిగించకుండా చుట్టి, నాలుగు మూలలా నిలబెట్టాడు. గింగురు పూర్తిగా పోలేదు కాని అదుపులోకి వచ్చింది. మిగిలినదానికి హెడ్‌ఫోనుతో సరిచూసుకున్నాడు.

రికార్డయిన తరువాత దిద్దుబాటు. కంప్రెసర్ అనే సాధనం గట్టి స్వరాలను కాస్త అణచి, మెత్తని స్వరాలతో సమానం చేస్తుంది. తరగతిలో గొంతు పెద్దదైన పిల్లవాడిని కూర్చోమని, వెనుక బెంచీవాడిని లేచి చెప్పమనడం వంటిది. అతిగా చేస్తే అందరూ ఒకే గొంతుతో వల్లెవేసినట్లు నిర్జీవమవుతుంది. వేలు తీగను తాకిన తొలి క్షణాన్ని వదిలిపెట్టి, ఆ తరువాత అణిచేటట్లు అమరిస్తే స్పర్శ మిగులుతుంది. ఆపైన ఈక్వలైజరు. దీనిలో పెంచడంకన్న తగ్గించడం మేలని అనుభవజ్ఞుల మాట. 200, 300 కంపనాల ప్రాంతంలో కొంచెం తీసివేస్తే బురద తేరుకుంటుంది. 700 మొదలు 1000 దాకా కొంచెం ఎత్తితే వేలి కదలిక తెలుస్తుంది. మా పాటలో ఒక డప్పు కూడ ఉంది. డప్పును మంటకు కాచి బిగువెక్కించి వాయించారు కనుక దాని నాదం పైకి పోయింది, బేస్‌కు అడుగు మిగిలింది. ఒకే చోట ఇద్దరు కూర్చోకూడదు. ఎవరి పీట వారికి వేయడమే ఈ కళ సారాంశం.

అసలు కష్టం ఇక్కడినుండి మొదలయింది. తోడు లేకుండా పాడేవారి శ్రుతి మెల్లగా జరగడం సహజం. మా అక్క పాట మొదటి చరణానికి, చివరి చరణానికి మధ్య శ్రుతి దాదాపు ఒక మెట్టు పైకి పోయింది. బేస్ గిటారు మెట్లు మాత్రం ఉన్నచోటనే ఉంటాయి. రెండవ చరణానికే రెండూ కలియక రుద్దుకోవడం మొదలయింది. అక్కడి ఇంజనీరు పిల్లవాడు సామర్థ్యం గలవాడు. ‘సార్, అమ్మ గొంతును సాఫ్ట్‌వేర్‌తో శ్రుతికి లాగేస్తాను, పది నిమిషాల పని’ అన్నాడు. చేసి కూడ చూపించాడు. విన్నాను. శ్రుతి కలిసింది. కాని అది మా అక్క కాదు. నాట్లు వేస్తూ పాడేవారు పని ఊపందుకున్నకొద్దీ గొంతు పెంచుతారు. ఆ పెరుగుదలలోనే మడి సగం అయిపోయిందన్న ఉత్సాహం ఉంది. దానిని చదును చేస్తే, ఆమె ఒకే చోట నిలబడి పాడినట్లయింది.

మా మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: ‘అమ్మ గొంతు దిద్దొద్దు. గిటారునే దిద్దుకుందాం.’ ప్రతి చరణానికి ముందు అక్క పట్టిన శ్రుతిని కొలిచి, గిటారు బిరడాలను ఆ మేరకు వెంట్రుకవాసి తిప్పుకొని, ఆ చరణం మాత్రమే వాయించి ఆపాడు. మళ్ళీ కొలిచాడు, మళ్ళీ తిప్పాడు. ఏడు చరణాలు. మూడు రాత్రులు. లయ కూడ అంతే. ఆమె శ్వాసకోసం ఆగినచోట వాడూ ఆగాలి. ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో వానికి కంఠతా వచ్చింది. ‘మా అమ్మకు ఊపిరి ఎక్కడెక్కడ అందుతలేదో ఇప్పుడు తెలిసింది మామా’ అన్నాడు ఒక రాత్రి తిరుగు ప్రయాణంలో. నేనేమీ అనలేదు.

చివరి సందేహం ఫోనులను గురించి. ఈ రోజుల్లో పాట వినేవారిలో అత్యధికులు వినేది సెల్‌ఫోను స్పీకరులో. ఆ చిట్టి స్పీకరు 41 కంపనాల నాదాన్ని పలకలేదు. మరి ఇంత శ్రమ ఎందుకు? దీనికి శాస్త్రం చెప్పే సమాధానం నన్ను ఆశ్చర్యచకితుణ్ణి చేసింది. తీగ 41 సార్లు కంపించేటప్పుడు దానితోపాటు 82, 123, 164 వంటి గుణిజాలూ మోగుతాయి. అసలు స్వరం వినిపించకపోయినా, ఈ పై స్వరాలు వినిపిస్తే చాలు, మన మెదడు ఆ లేని మూలస్వరాన్ని తానే కల్పించుకొని వింటుంది. అందుకే ఇంజనీర్లు బేస్ నాదానికి కొంచెం గరుకుదనం చేర్చి ఆ పై స్వరాలను పెంచుతారు. పలకనిది వినిపించడం! తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వని అని పేరు పెట్టి, కావ్యానికి అదే ఆత్మ అని వాదించినది దీనికి ఎంత సన్నిహితంగా ఉందో చూడండి. వాచ్యంగా లేని అర్థం సహృదయుని మనస్సులో స్ఫురించినట్లు, ఫోనులో లేని మంద్రం శ్రోత చెవిలో పుడుతున్నది.

నాకు ఇందులో ఒక స్వార్థపూరితమైన ఊరట కూడ దొరికింది. నాకు పోయినవి పై స్వరాలు. ఊష్మాలు వినిపించకపోయినా, మాట సందర్భాన్ని బట్టి నా మెదడు వాటిని పూరించుకుంటున్నది. ఫోను అడుగు పోగొట్టుకొని పైదానితో నెట్టుకువస్తున్నది, నేను పైది పోగొట్టుకొని అడుగుతో నెట్టుకువస్తున్నాను. మా ఇద్దరికీ మిగిలినది ఊహించుకోవడమే.

పాట పూర్తయిన మరునాడు అక్కకు వినిపించాము. ఆమె కన్నార్పకుండా విని, ‘డప్పు మంచిగుంది. నువ్వు గిటారు కొట్టిన అంటివి, ఏదిరా?’ అని కొడుకును అడిగింది. వాని ముఖం చిన్నబోయింది. మూడు రాత్రుల శ్రమ! మాట్లాడకుండా కంప్యూటరులో బేస్ గిటారును మాత్రం మూగబెట్టి, మళ్ళీ అదే చరణం వినిపించాడు. నాలుగు మాటలు పోకముందే అక్క చేయెత్తి ఆపింది.

‘ఏం తీసినవ్‌రా? ఒక్కదాన్నే మడిల ఉన్నట్టయింది’ అన్నది.

ఆ తరువాత ఎవరమూ ఆ విషయం ఎత్తలేదు. మా వాడు మూగబెట్టినదానిని తిరిగి తెరిచాడు, పాటను మొదటినుండి పెట్టాడు. అక్క పెదవులు కదిలాయి. ఆ నాటివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకున్నది.

బేస్ నాదం బాగా వచ్చిందని ఎలా తెలుసుకోవాలని ఎవరైనా అడిగితే, నేను తెలుసుకున్న పరీక్ష ఇదే. ఉన్నప్పుడు విడిగా కనబడకూడదు, తీసివేస్తే వెలితి తెలియాలి. చిన్నప్పుడు దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు నడిచిపోయేటప్పుడు, ఇంకా చాలా దూరం ఉండగానే భేరీల మోత మాత్రం చేరేది. గజ్జెల సవ్వడి, మాటలు, కేకలు దగ్గరకు పోయిన తరువాతనే వినిపించేవి. గాలిలో దూరం పోయేది మంద్రమే. పై స్వరాలు దారిలోనే అలిసిపోతాయి. వయసుతో నా చెవికి, లోకానికి మధ్య దూరం పెరుగుతున్నదని అనుకుంటే, చివరిదాకా నన్ను చేరగలిగేది ఆ అడుగు నాదమే కాబోలు. దానికి పట్టుకొని మా అక్క గొంతును మా మేనల్లుడు కట్టిపెట్టాడు. వాడికి నా ఆశీస్సులు.

మీ ఇండ్లలో ఇటువంటి పాటలు పాడే పెద్దలు ఉంటే, వాద్యాలూ గదులూ సమకూరేదాకా ఆగకండి. ముందు గొంతును తీసి పెట్టుకోండి, ఎంత చిన్న ఫోనులోనైనా సరే. అడుగు స్వరాన్ని తరువాత తీరికగా చేర్చుకోవచ్చు. ఈ వాద్యంలో నాకన్న తెలిసినవారు నా వ్రాతలో లోపాలుంటే తెలియజేయగలరు. సవరించుకుంటాను.

స్వస్తి.